తల లేని మూడు కొబ్బరిచెట్లు

దివిసీమలో ఏ రైతుకైనా తన కొబ్బరిచెట్టు మీద అనుమానం కలిగితే ముందు దైవాధీనానికి కబురు పెట్టేవాడు. భుజాన తాడు, నడుముకు కొడవలి, చేతిలో మూరెడు ఇనుప కొక్కెంతో అతను వచ్చేవాడు. చెట్టు కిందికి రాగానే తలగుడ్డ విప్పి గట్టు మీద పెట్టేవాడు. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, రెండు చేతులతో మానును కావలించుకుని, చెంప ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. దూడ అరిస్తే దాని మూతి కూడా మూసేవాళ్ళు.

కాసేపటికి కళ్ళు తెరిచి, "ఇదిగో, ఇక్కడుంది" అని వేలితో చూపించేవాడు. అక్కడ ఉలి పెట్టి తొలిస్తే లోపల బొటనవేలంత లావున తెల్లటి పురుగులు కదులుతూ కనిపించేవి. ఎర్రముక్కు పురుగు పెట్టిన పిల్లలవి. అవి చెట్టు కడుపులో చేరి నములుతూ ఉంటాయి. బయటికి చెట్టు పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. ఒకనాడు ఉన్నట్టుండి తల వాలుస్తుంది. అప్పుడు అందరికీ తెలుస్తుంది కాని, తెలిసి చేసేదేమీ ఉండదు. తల వాలకముందే తెలుసుకునేవాడు కావాలి. ఆ తాలూకా మొత్తానికి అలాంటివాడు దైవాధీనం ఒక్కడే. చెరుకు నమిలినట్టు కరకరమని వినపడుతుందని అతను చెప్పేవాడు. మిగతావాళ్ళు ఎంత చెవి ఒగ్గినా అంత తొందరగా వినపడేది కాదు.

అందుకే అతన్ని చెవి దైవాధీనం అనేవాళ్ళు. అతనుండే పాలెంలోని తాటాకుల గుడిలో పాదిరి మత్తయి అయ్యగారు కృతజ్ఞతా ప్రార్థన చేసినప్పుడు "ఈ బిడ్డకిచ్చిన చెవి కోసం" అని ప్రత్యేకంగా చెప్పేవారు. అతను చిన్నప్పటి నుంచీ పని చేస్తున్నది ధనుంజయరావు గారి పొలంలో. అవనిగడ్డకు కూతవేటు దూరంలో, కాలవను ఆనుకుని పదహారెకరాల మాగాణి. గట్ల మీదా కాలవ ఒడ్డునా నూట పది కొబ్బరిచెట్లు. రావుగారు గుడివాడ నుంచి వచ్చిన చుట్టాలను పొలానికి తీసుకెళ్ళి, "మావాడు చెంప ఆనించాడంటే డాక్టరు గొట్టం పెట్టినట్టే" అని గొప్పగా చెప్పేవారు.

ఆ గట్ల మీద తాతలనాటి పద్ధతి ఒకటుండేది. గాలికో పురుగుకో తల పోయిన చెట్టు రైతుది కాదు, చెట్టెక్కేవాడిది. ఆ మోడును అతను వంటచెరకుగా చీల్చుకుంటాడో, పాకకు నిట్రాటగా పాతుకుంటాడో అతని ఇష్టం.

యాభై నాలుగో సంవత్సరం శ్రావణంలో దైవాధీనానికి చలిజ్వరం వచ్చింది. పదిహేను రోజులు మంచం మీద వణికాడు. క్వినైను మాత్రలు మింగాడు. జ్వరం తగ్గి లేచి కూర్చునేసరికి చెవుల్లో తుమ్మెదలు దూరినట్టు ఒకటే హోరు. నీరసం వల్లనేమో, పోతుందిలే అనుకున్నాడు. దసరా వెళ్ళింది, క్రిస్మసు వెళ్ళింది, హోరు మాత్రం వెళ్ళలేదు. దాని వెనక మనుషుల మాటలు దూరమైపోయాయి. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెబితే కాస్త తెలిసేది. మిగతాదంతా పెదవులు చూసి పోల్చుకోవడమే.

భార్య రాహేలుకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. ఆమె పక్కనే ఉంటే ఎవరైనా పిలిచినప్పుడు మోచేత్తో తట్టేది. పక్కన లేనప్పుడు అతను చిరునవ్వు నవ్వి తలూపేవాడు. పిలిస్తే పలక్కుండా పోతున్నాడు, పదిమంది మాట్లాడుకుంటుంటే ఎటో చూస్తూ కూర్చుంటున్నాడు. పాలెం జనం వేరేగా అర్థం చేసుకున్నారు.

"జ్వరంలో దేవుణ్ణి చూసి వచ్చాడమ్మా. అప్పటినుంచీ మనసంతా అక్కడే" అంది జ్ఞానమ్మ. పాలెంలో అందరికంటే పెద్దది ఆమె.

"ఎప్పుడు చూసినా లోపల ప్రార్థన చేసుకుంటూనే ఉంటాడు" అన్నాడు సంఘపెద్ద సీమోను.

అలా దైవాధీనం చెవిటితనం భక్తి కింద చెల్లిపోయింది. గుడిలో అతను తలుపు దగ్గర కూర్చుని అయ్యగారి గడ్డం వైపు చూసేవాడు. ప్రార్థన అయిపోయేటప్పుడు ఆ గడ్డం కిందికి దిగి ఆగుతుంది. అప్పుడు అందరికంటే గట్టిగా "ఆమెన్" అనేవాడు. ఎంత గట్టిగా అంటున్నాడో అతనికి తెలియదు. అంత గట్టిగా అనడం చూసి జనానికి ఇంకా గౌరవం పెరిగింది.

గుడిలో సరే. పొలంలో ఎలా?

తూము దగ్గర ఒక చెట్టు ఉండేది. దాని మీద అనుమానంగా ఉందని రావుగారు తీసుకెళ్ళారు. దైవాధీనం తలగుడ్డ విప్పాడు, మానును కావలించుకున్నాడు, చెంప ఆనించాడు. చెవిలో తన హోరు తప్ప ఏమీ లేదు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. రావుగారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారని తెలుస్తూనే ఉంది.

"ఏం లేదయ్యా. బాగానే ఉంది" అన్నాడు.

నలభై రోజులకు ఆ చెట్టు తల వాల్చేసింది. నడినెత్తిన మొవ్వు కుళ్ళి, గెలలతో సహా ఒక పొద్దున పక్కనున్న బోదె కాలవలో పడింది. రావుగారు కోప్పడలేదు. దైవాధీనం భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరగా వంగి, "నీ చెవిక్కూడా అందకుండా ఎట్టా దాక్కుందిరా ఆ పురుగు" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు దైవాధీనం. అన్నం ముందు కూర్చుంటే ఆ చెయ్యి భుజం మీదే ఉన్నట్టుండేది.

మర్నాడు ఆ మానును పడగొట్టి దాని పక్కనే కూలబడ్డాడు. అప్పుడు చూశాడు. నిలువెత్తు పైన వేలు పట్టేటంత కన్నాలు వరసగా ఉన్నాయి. కింద గడ్డిలో సన్నటి చెక్కపేళ్ళు రాలి ఉన్నాయి. వడ్రంగిపిట్ట పొడిచిన కన్నాలవి. చెట్లు పాడు చేస్తుందని అతని తండ్రి ఆ పిట్టను రాళ్ళు పెట్టి కొట్టేవాడు. అతనూ కొట్టాడు. ఇప్పుడు గొడ్డలితో ఒక కన్నం దగ్గర చీల్చాడు. లోపల పురుగు నడిచిన సొరంగం. రెండో కన్నం దగ్గరా అంతే, మూడో దాని దగ్గరా అంతే. పదకొండు కన్నాలుంటే, పదకొండూ సరిగ్గా పురుగు నెత్తి మీదే దిగాయి. ఒక్కటి కూడా బెత్తెడు పక్కకు పోలేదు.

 తను లేదన్న పురుగును ఈ పిట్ట ఉందని చెప్పింది. వరసగా పదకొండుసార్లు చెప్పింది. వినేవాడు లేకపోయాడు.

ఆ రోజు నుంచి దైవాధీనం పిట్ట వెంట పడ్డాడు. వీపు మీద బంగారు పొడి చల్లినట్టు, తల మీద ఎర్రటి కుచ్చు కట్టినట్టు ఉండే పిట్ట అది. ముప్పయ్యేళ్ళు చెట్లెక్కినవాడు, దాని పనితనాన్ని ఒక్కనాడూ నిలబడి చూడలేదు. అది మానుకు నిలువుగా అతుక్కుంటుంది. తోకను ఊతకర్రలా ఆనిస్తుంది. రెండు దెబ్బలు కొడుతుంది. కొట్టి, తల ఒక పక్కకు వాల్చి ఆగుతుంది. మళ్ళీ రెండడుగులు పైకి ఎగబాకుతుంది. రెండు దెబ్బలు, మళ్ళీ ఆగడం. తను చెంప ఆనించి ఆగినట్టే. ఏమీ లేని చెట్టయితే వదిలి ఎగిరిపోతుంది. ఉన్న చెట్టయితే అక్కడే పాతుకుపోయి తొలవడం మొదలుపెడుతుంది.

ఒకనాడు పిట్ట అలా తొలుస్తుండగా చప్పుడు చెయ్యకుండా చెట్టుకు రెండోవైపు చేరి, నుదురు మానుకు ఆనించాడు. దెబ్బలు ఎముకలోకి వచ్చాయి. చెవుల్లోంచి కాదు, నుదుటిలోంచి, పళ్ళలోంచి, దవడలోంచి లోపలికి వచ్చాయి. హోరును చీల్చుకుని ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, స్పష్టంగా తెలిసింది. జ్వరం తరవాత అతను స్పష్టంగా విన్న మొదటి చప్పుడు అదే. పురుగు నమలడం మాత్రం అలా కూడా అందలేదు.

దైవాధీనం మోకాళ్ళ మీద పడిపోయాడు. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. ఇంత చిన్న తలకాయలో ఇంత వినికిడి పెట్టినవాడెవరు? బందరు ఆసుపత్రి డాక్టరుకు కూడా లేని గొట్టం దీని ముక్కుకు ఎవరు బిగించారు? తన చెవి పోయిందని ఇన్నాళ్ళూ ఏడుస్తున్నాడు. తను పుట్టకముందు నుంచీ, తన తాత పుట్టకముందు నుంచీ ఈ గట్ల మీద ఈ చెవులు తిరుగుతూనే ఉన్నాయి. తండ్రి విసిరిన రాళ్ళు, తను విసిరిన రాళ్ళు గుర్తొచ్చాయి.

తరవాత రెండేళ్ళలో ధనుంజయరావు గారి పొలంలో పురుగు వల్ల ఒక్క చెట్టు కూడా పోలేదు. దైవాధీనం తెల్లవారకముందే వచ్చి పిట్టలు ఎక్కడ ఆగుతున్నాయో చూసుకునేవాడు. తరవాత రైతు ముందు ఆ చెట్టును కావలించుకుని, చెంప ఆనించి, "ఇదిగో, ఇక్కడుంది" అనేవాడు. అతని పేరు ఇంకా పెరిగింది. నాగాయలంక నుంచి కూడా కబుర్లు వచ్చేవి. ప్రతిసారీ పేరు పెరుగుతున్నకొద్దీ లోపల ఏదో గుచ్చుకునేది.

ఆ పిట్టలు కాపురం ఉండేది పొలం చివర బోదె పక్కనున్న మూడు మోళ్ళలో. ఒక గాలివానకు ఆ మూడు చెట్ల తలలూ ఎగిరిపోయాయి. పచ్చిమాను గట్టిగా ఉంటుంది, ముక్కు దిగదు. మెత్తబడిన ఎండుమానులోనే అవి గూడు తొలుచుకుంటాయి. ఏటా కొత్త తొర్ర. పాత తొర్రలోకి గోరింకలో చిలకలో దిగుతాయి. ఒక మోడు పైనైతే పాలపిట్ట కూడా ఉండేది. చుట్టుపక్కల పొలాల్లో మోడు కనిపిస్తే వారంలో పొయ్యిలోకి వెళ్ళిపోయేది. దైవాధీనం ఎంత తిరిగినా వడ్రంగిపిట్ట గూడు ఈ మూడింటిలో తప్ప ఎక్కడా కనపడలేదు. ఈ మూడూ పోతే అవి ఎటు పోతాయో, మళ్ళీ వస్తాయో రావో.

"పక్కోళ్ళందరూ చీల్చుకుని వండుకుంటున్నారు. మనమేమో దిష్టిబొమ్మల్లా నిలబెట్టుకున్నాం" అని రాహేలు దెప్పేది.

"అద్దెకిచ్చానే."

"అద్దె ఏమిస్తున్నారో కాస్త చూపించు. పొయ్యిలో పెడతాను."

"పొయ్యి మీదున్నది వాళ్ళిచ్చిందేలే" అనేవాడు అతను. అంతకు మించి చెప్పేవాడు కాదు.

యాభై ఏడో సంవత్సరం. మినుము పీకడం అయిపోయి పొలాలు బోసిగా ఉన్నాయి. ఈస్టరు పండక్కి చుట్టుపక్కల మూడు పాలేల జనం రాబోతున్నారు. బందరు నుంచి పెద్ద అయ్యగారు కూడా వస్తున్నారు. గుడిలో యాభైమందికి మించి పట్టరు. గుడి ముందు పెద్ద పందిరి వేద్దామని సంఘం అనుకుంది. ఆకు ఉంది, వాసాలున్నాయి. రాటలే తక్కువయ్యాయి.

ఆదివారం ఆరాధన చివర సీమోను లేచి నిలబడ్డాడు. మగవాళ్ళు ఒకవైపు చాపల మీద, ఆడవాళ్ళు ఇంకోవైపు కూర్చుంటారు. రాహేలు అటువైపు గోడ దగ్గరుంది, మోచెయ్యి అందేంత దూరంలో లేదు. తలుపు దగ్గర కూర్చున్న దైవాధీనానికి సీమోను పెదవులు కదలడం కనిపిస్తోంది కాని, మీసాల చాటున మాట పోల్చడం కష్టం. ప్రకటనలేవో చేస్తున్నాడనుకున్నాడు. ఇంతలో అందరి తలలూ తనవైపు తిరిగాయి. సీమోను తనవైపే చెయ్యి చాపి, నవ్వుతూ ఆగాడు. అయ్యగారి గడ్డం కిందికి దిగి ఉంది.

తన కోసం ప్రార్థన చేశారనుకున్నాడు దైవాధీనం. మనసు నిండిపోయింది.

"ఆమెన్" అన్నాడు, ఎప్పటికంటే గట్టిగా.

జనం మొహాలు వెలిగాయి. ముసలి జ్ఞానమ్మ కళ్ళొత్తుకుంది. సీమోను వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

ఇంటికి వస్తూ గట్టు మీద రాహేలు అతని ఎడమవైపుకు చేరింది. "ఏమయ్యా, ఇంతకాలం కర్రముక్క ముట్టుకోనివ్వలేదు. ఇయ్యాల మూడూ ఇచ్చేశావే."

"ఏం మూడు?"

ఆమె ఆగిపోయింది. అతని మొహం చూసి ఆమెకు అర్థమైంది. చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కొక్క మాటా చెప్పింది. పందిరి రాటలకు దైవాధీనం మోళ్ళు మూడున్నాయి, పైన తొర్రలున్నా కింద పదడుగులు గట్టిగానే ఉంటాయి, బావ దేవుడికి ఇస్తానంటే శనివారం వచ్చి పడగొట్టుకుంటాం, ఏమంటావు బావా అని సీమోను అడిగాడు. నువ్వు ఆమెన్ అన్నావు.

దైవాధీనం పొలం చివరి వైపు చూశాడు. నడిమి మోడుకు పైన కొత్త తొర్ర. పిట్ట నోట్లో ఏదో పట్టుకుని లోపల తల దూర్చి, వెనక్కి వచ్చి ఎగిరిపోయింది. ఆ మోడుకు నుదురు ఆనిస్తే లోపల పిల్లలు గీరుకుంటున్న సన్నటి కదలిక ఎముకకు తగులుతుంది. నాలుగు రోజులుగా అతను రోజూ చూస్తున్నాడు.

"సీమోనుకు చెప్పెయ్యి" అంది రాహేలు.

"ఏమని?"

"వినపళ్ళేదని."

అక్కడే వచ్చింది చిక్కు. వినపళ్ళేదంటే ఎప్పటినుంచి అని అడుగుతారు. అప్పటినుంచి అంటే, మరి తూము దగ్గరి చెట్టును బాగుందని ఎలా చెప్పావని రావుగారు అడుగుతారు. చెవి లేని చెవి దైవాధీనాన్ని ఏ రైతు పిలుస్తాడు? నోరు మూసుకుంటే పేరు నిలుస్తుంది, పిల్లలు చస్తాయి. నోరు విప్పితే పిల్లలు బతుకుతాయి, పేరు పోతుంది. పైగా అది దేవుడి గుడిలో అన్న మాట.

మంగళవారం సీమోను ఇంటికి వెళ్ళాడు. సీమోను గొడ్డలి నూరుకుంటూ లేచి వచ్చి, పీట వేసి, మజ్జిగ ఇప్పించాడు. ఏదో సంతోషంగా చెబుతూ పోయాడు. దైవాధీనం మజ్జిగ తాగి, తలూపి, ఇంటికి వచ్చేశాడు. గురువారం మళ్ళీ సగం దారి వరకు వెళ్ళి వెనక్కి తిరిగాడు.

అవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలపు రోజులు. శుక్రవారం దీపాలు పెట్టే వేళ జ్ఞానమ్మ వాకిట్లో ప్రార్థన కూటం. పాటలయ్యాక ఎవరికైనా అందరి ముందూ చెప్పుకోవలసిన సాక్ష్యం ఉంటే చెప్పమన్నారు అయ్యగారు. రాహేలు ఈసారి పక్కనే కూర్చుంది. మోచేత్తో తట్టలేదు. అతను తనంతట తనే లేచాడు.

"నాకు వినపడదండి" అన్నాడు.

లాంతరు వెలుగులో మొహాలన్నీ పైకి లేచాయి.

"జ్వరం వచ్చిన కాడినుంచీ అంతే. మీరు నన్ను భక్తిపరుణ్ణన్నారు. నేను భక్తిపరుణ్ణి కాదు, చెవిటోణ్ణి. మొన్న గుడిలో సీమోను బావ ఏమడిగాడో తెలీకుండా ఆమెన్ అన్నాను. రావుగారి తూము కాడి చెట్టు నా అబద్ధానికి చచ్చింది. ఆ తరవాత నేను చూపించిన చెట్లన్నీ నేను విన్నవి కాదు. వడ్రంగిపిట్టలు విన్నాయి. నేను చూసి చెప్పాను. పేరు నేను తీసుకున్నాను. ఆ మోళ్ళలో వాటి పిల్లలున్నాయి."

చెప్పి నిలబడ్డాడు. తరవాత ఏమంటున్నారో అతనికి తెలియదు. నోళ్ళు కదులుతున్నాయి. సీమోను మీసాలు వేగంగా కదులుతున్నాయి. అయ్యగారు చెయ్యెత్తి ఎవరినో ఆపుతున్నారు. ఆ హోరులో ఒంటరిగా నిలబడినవాడి దగ్గరికి ముందు జ్ఞానమ్మ వచ్చింది. రెండు చేతులతో అతని మొహం తన వైపు తిప్పుకుని, పెదవులు సాగదీసి మెల్లగా అంది.

"ఒరే అబ్బాయ్. అయితే రెండేళ్ళ నుంచి నా మోకాళ్ళ నొప్పుల సంగతి ఎవడికి చెప్పుకుంటున్నట్టురా నేను?"

అతనికి ప్రతి మాటా అర్థమైంది. నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది. వాకిలంతా నవ్వుతున్నట్టు కనిపించింది.

సీమోను మాత్రం నవ్వలేదు. అతను అన్నది రాహేలు చెవిలో చెప్పింది. "అన్నమాట అన్నమాటే అంటున్నాడు. పిట్టల కోసం దేవుడి పందిరి ఆపుతావా అంటున్నాడు."

"పందిరికి ఇంకో రాట దొరుకుద్ది బావా. వాటికి ఇంకో మోడు దొరకదు" అన్నాడు దైవాధీనం. "పొద్దున్నే రా. గొడ్డలి తెచ్చుకునే రా. నేను చూపించింది చూశాక కూడా నరకాలనిపిస్తే, మొదటి దెబ్బ నేనే వేస్తాను."

పొద్దున్న సీమోను గొడ్డలితో వచ్చాడు. అతని వెనక జ్ఞానమ్మ, ఇంకో పదిమంది. వీళ్ళకంటే ముందే ధనుంజయరావు గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. పాలెంలో చెప్పిన మాట ఆయన వాకిలి చేరడానికి రాత్రి అడ్డం కాలేదు.

దైవాధీనం ఆయన ముందుకు వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "తూము కాడి చెట్టు..."

రావుగారు చెయ్యెత్తి ఆపారు. 

పిట్ట వచ్చింది. వరసలో ఏడో చెట్టు మీద వాలింది. పచ్చగా, గెలల బరువుతో నిండుగా ఉన్న చెట్టది. రెండు దెబ్బలు, ఆగడం. పైకి ఎగబాకింది. రెండు దెబ్బలు, ఆగడం. మళ్ళీ పైకి. అక్కడ తల వాల్చి ఎక్కువసేపు ఆగింది. తరవాత కదలలేదు. పొడవడం మొదలుపెట్టింది. చెక్కపేళ్ళు ఎండలో మెరుస్తూ రాలాయి.

పిట్ట ఎగిరిపోయాక దైవాధీనం సీమోనును నిచ్చెన ఎక్కించాడు. "చెవి పెట్టు బావా. పెట్టి ఊపిరి బిగబట్టు."

సీమోను చెవి పెట్టాడు. కాసేపు విసుగ్గా ఉన్నాడు. తరవాత మొహంలో రంగు మారింది. కళ్ళు పెద్దవయ్యాయి. మానును వదలకుండానే కిందికి చూసి ఏదో అన్నాడు. రాహేలు భర్త చెవిలో చెప్పింది.

"లోపల ఎవరో నములుతున్నారు బావా అంటున్నాడు."

అప్పుడు రావుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కారు. యాభయ్యేళ్ళుగా ఆ చెట్ల కాయలు తింటున్న మనిషి, మొదటిసారి తన చెట్టుకు చెంప ఆనించారు. చాలాసేపు దిగలేదు. దిగాక చెంపకు అంటిన పొట్టు తుడుచుకోను కూడా లేదు. దైవాధీనం ఎక్కి ఉలి పెట్టాడు. నాలుగు దెబ్బలకు నాలుగు పురుగులు బయటపడ్డాయి. కన్నం కడిగి తారు పూశాడు.

"తూము దగ్గరి చెట్టు మా నాన్న పెట్టింది" అన్నారు రావుగారు, దైవాధీనానికి పెదవులు కనపడేలా తిరిగి. అంతే అన్నారు. గట్టు దిగి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ తరవాత రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. పని మానమని కూడా అనలేదు. నాగాయలంక నుంచి కబుర్లు రావడం మాత్రం ఆగిపోయింది. అవి మళ్ళీ ఎప్పటికీ రాలేదు.

సీమోను గొడ్డలి భుజాన వేసుకుని మోళ్ళ దగ్గరికి నడిచాడు. దైవాధీనం వెనకే నడిచాడు. సీమోను నడిమి మోడుకు చెవి పెట్టి విన్నాడు. పైకి చూశాడు. మళ్ళీ విన్నాడు. గొడ్డలి కింద పెట్టేసి, దైవాధీనం ఎదురుగా వచ్చి, మీసాలు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని మాట్లాడాడు.

"మొహం చూడకుండా అడిగాను బావా. తప్పు నాది."

ఆ సాయంత్రం సీమోను తన గొడ్ల పాక ముందు వసారా విప్పేశాడు. మూడు తాటి రాటలు పీకి బండిమీద గుడికి తోలుకొచ్చాడు. అతని గేదెలు వానలు పడేదాకా చింతచెట్టు కిందే ఉన్నాయి. అడిగినవాళ్ళతో, "వాటికీ గాలి తగలాలిగా" అనేవాడు.

ఈస్టరు తెల్లవారుజామున కొత్త పందిరి కింద ఆరాధన జరిగింది. బందరు అయ్యగారు వచ్చి వెళ్ళారు. ఎండ ఎక్కకముందే జనం ఇళ్ళకు బయల్దేరారు. అంతా తెల్లబట్టలు కట్టుకుని, బోదె గట్టు మీద వరసగా వస్తున్నారు. ముందు నడుస్తున్న దైవాధీనం హఠాత్తుగా ఆగి చెయ్యి అడ్డం పెట్టాడు. వరసంతా ఆగిపోయింది.

నడిమి మోడు తొర్రలోంచి ఒక తల బయటికి వచ్చింది. దాని మీద చిన్న ఎర్రటి కుచ్చు. తల్లి ఎదుటి చెట్టు మీద నుంచి పిలుస్తోందని రాహేలు చెప్పింది. పిల్ల బయటికి చూసింది, లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి సగం ఒళ్ళు బయటపెట్టి గోళ్ళతో అంచు పట్టుకుంది. ఇంత గాలి, ఇంత వెలుగు, కింద ఇంత లోతు అది ఎన్నడూ చూడలేదు.

అవతలి గట్టు మీద ధనుంజయరావు గారు కూడా ఆగారు. పాలేరు ఏదో అడగబోతే చేత్తో ఊరుకోమన్నారు. నూరుమంది నిలబడిన గట్టు మీద చిన్నపిల్లలు కూడా కదల్లేదు. దైవాధీనం వెనక్కి తిరిగి చూశాడు. అందరి నోళ్ళూ మూసి ఉన్నాయి, అందరి కళ్ళూ పైకి ఉన్నాయి. రెండేళ్ళుగా తను ఒక్కడే ఉంటున్న చోటికి ఆ పొద్దున ఊరంతా వచ్చి నిలబడినట్టుంది.

పిల్ల అంచు వదిలేసింది. జారింది. పొట్టి రెక్కలు విప్పి, పడుతుందనుకున్నంతలో పడకుండా లేచి, వంకరగా బోదె దాటి, పచ్చటి చెట్టు మానుకు అతుక్కుంది. అతుక్కున్న మరుక్షణమే, ఎవరూ నేర్పకుండానే, రెండు దెబ్బలు కొట్టి తల వాల్చి ఆగింది.

రావుగారు బోదె దాటి వచ్చారు. దైవాధీనం ఎదురుగా నిలబడి, మెల్లగా, ఒక్కొక్క మాటా కనపడేలా అన్నారు. "ఇకనుంచి ఈ గట్ల మీద తల పోయిన ఏ చెట్టయినా, నువ్వు చెప్పేదాకా ఎవరూ ముట్టుకోరు."

వెనక జ్ఞానమ్మ ఇదేమీ వినడం లేదు. పైకే చూస్తూ, ప్రార్థనకు వేసుకున్నట్టు, చీరకొంగు తీసి తల మీద ముసుగు వేసుకుంది. ఆమెను చూసి రాహేలు వేసుకుంది. గట్టు పొడుగునా ఆడవాళ్ళందరూ ఒకరి తరవాత ఒకరు ముసుగులు వేసుకున్నారు.